హాగరును పంపివేయవలెనా?

వాక్యపఠనము: ఆదికాండము 21:8–21, 1 తిమోతి 3:1–7

2021వ సంవత్సరము జనవరి మాసమున బస్తరు జిల్లాలోని ఒక గ్రామములో ఒక యువకుడు ఒకే పందిరి క్రింద ఇద్దరు యువతులను వివాహమాడెను. ఊరివారు ఆ పెండ్లికి కూడివచ్చిరి. పత్రికలు దానిని దేశమంతట వింతగా ప్రకటించెను.

బయటివారికి వింతయైన ఆ సంగతి ఆ సీమకు క్రొత్తది కాదు. బస్తరు గోండులలో అనేకులు ఒక్క భార్యతోనే జీవింతురు. అయినను ఇద్దరు భార్యలు గలవానిని వారి ఆచారము తప్పుపట్టదు. అన్న మరణించినయెడల వదినెను తమ్ముడు చేపట్టుటయు వారిలో కలదు. దిక్కులేని స్త్రీకి ఇల్లును, పిల్లలకు అన్నమును దొరకుటకు అదియొక మార్గము. 1955 నాటి హిందూ వివాహ చట్టము, కేంద్ర ప్రభుత్వము ప్రత్యేకముగా ప్రకటించిననే తప్ప, షెడ్యూల్డు తెగలకు వర్తింపదు. వారిని వేలెత్తి చూపుటకు తొందరపడరాదు. అప్పటి మదరాసు రాష్ట్రములో 1949లో చట్టము వచ్చువరకు తెలుగు హిందువులకును రెండవ పెండ్లి నేరము కాదు.

వివాహమునుగూర్చి వాక్యము చెప్పునది స్పష్టమే. ఆదియందు దేవుడు ఒక పురుషుని, ఒక స్త్రీని జతపరచెను. ప్రభువైన యేసు ఆ ఆదినే జ్ఞాపకము చేసెను. అధ్యక్షుడు ఏకపత్నీపురుషుడై యుండవలెనని పౌలు నియమించెను. ఇద్దరు భార్యలున్న ఇంట ఎట్టి దుఃఖముండునో షిలోహులో హన్నా కార్చిన కన్నీరే సాక్ష్యము. బాప్తిస్మము పొందినవాడు రెండవ భార్యను చేర్చుకొనుటకు సంఘము ఎన్నడును సమ్మతింపజాలదు.

అయితే ఇద్దరు భార్యలతోను, వారి బిడ్డలతోను ఒకడు సువార్త విని బాప్తిస్మము కోరివచ్చినయెడల ఏమి చేయవలెను? 1888లో ఆంగ్లికన్ బిషప్పుల లాంబెత్ సభ అట్టివానికి బాప్తిస్మము ఈయరాదని తీర్మానించెను. ఆఫ్రికాలోను, ఇతర దేశములలోను అనేకులు సంఘములో చేరుటకై ఒక భార్యను పంపివేసిరి. పురుషుడు బాప్తిస్మము పొందెను. దాని వెల స్త్రీ చెల్లించెను. నూరు సంవత్సరములకు, అనగా 1988లో, అదే సభ మరియొక తీర్మానము చేసెను: అట్టివాడు తన భార్యలలో ఎవరైనను బ్రదికియున్నంతకాలము మరల వివాహమాడనని మాట ఇచ్చినయెడల, స్థానిక సంఘము సమ్మతించినయెడల, విశ్వసించిన భార్యాపిల్లలతో కూడ అతనిని చేర్చుకొనవచ్చును, దిక్కులేనిదగునట్లు ఏ భార్యనైనను విడువుమని అతనిని బలవంతపెట్టరాదు.

హాగరును పంపివేయుమని దేవుడే అబ్రాహాముతో చెప్పెను గదా యని ఒకరు అడుగవచ్చును. నిజమే. అబ్రాహాము ఆమె భుజముపై పెట్టినది కొంచెము ఆహారమును, ఒక నీళ్లతిత్తియు మాత్రమే. బెయేర్షెబా అరణ్యములో ఆ నీళ్లు అయిపోయెను. అయితే దేవుడు ఆమెను విడువలేదు. చిన్నవాని మొర విని, ఆమె కన్నులు తెరచి, నీళ్ల ఊటను చూపెను. ఆ బిడ్డ భవిష్యత్తునకు తానే పూటపడెను. దేవుడు పంపిన చోట దేవుడే ఊటను సిద్ధపరచెను. సంఘమో, పంపివేయుటలో అబ్రాహామును అనుసరించెను గాని, ఊటను చూపుటలో దేవుని అనుసరింపలేదు.

కాబట్టి సంఘము రెండు కార్యములను ఎడబాపక చేయవలసియున్నది. రాబోవు తరమునకు ఏకపత్నీవ్రతమును సందేహము లేక బోధింపవలెను. గడచిన కాలములో ఏర్పడిన కుటుంబమును కనికరముతో చేర్చుకొనవలెను. అట్టి పురుషుడు పెద్దగా నియమింపబడకపోవచ్చును. అతని రెండవ భార్య మాత్రము వీధిపాలు కారాదు. పరిశుద్ధతను కాపాడుటకు సంఘము ఏదైన వెల చెల్లింపవలసివచ్చినయెడల, ఆ వెలను సంఘమే చెల్లించుట న్యాయము. దానిని ఒక నిస్సహాయురాలి తలపై మోపుట నీతి కాదు.

ప్రార్థన: హాగరును చూచిన దేవా, నీ సంఘమునకు నీ కన్నులను అనుగ్రహింపుము. నీ ఆజ్ఞయందు స్థిరత్వమును, బలహీనులయెడల కనికరమును దయచేయుము. యేసు నామమున, ఆమేన్.