ఒంటరిగా నడచువాడు ఎవరికి ఋణస్థుడు?



వీపున మూట కట్టుకొని, మనుష్యసంచారము లేని అడవులలో దినములకొలది నడచుట కొందరికి మిక్కిలి ప్రియము. అట్టివాడు ఇతరుల తెలివిని అడుగవలెనా? తన ప్రాణము తనదే గదా, తన దారి తానే వెదకుకొనినయెడల తప్పేమి? ఈ ప్రశ్నను మనము తేలికగా త్రోసివేయరాదు.

1992వ సంవత్సరము ఏప్రిల్ నెలాఖరున క్రిస్టఫర్ మెక్కాండ్లెస్ అను 24 ఏండ్ల అమెరికా యువకుడు అలాస్కా అరణ్యములో ప్రవేశించెను. అతడు చదువుకొన్నవాడు, దాచుకొన్న సొమ్మును ధర్మమునకు ఇచ్చివేసినవాడు. సుమారు 4.5 కిలోల బియ్యము, ఒక చిన్న తుపాకి, కొన్ని పుస్తకములు తీసికొనిపోయెను. దారిలో బండి యెక్కించుకొనిన మనిషి అతని సామాను చాలదని చూచి, తన రబ్బరు బూట్లను ఇచ్చెను. గుట్టలను, నదులను వివరముగా చూపు పటము అతనియొద్ద లేదు. ఎక్కడికి పోయెనో, ఎన్నడు వచ్చునో ఇంటివారికి తెలియదు. అడవిలో విడువబడిన పాత బస్సొకటి అతనికి ఇల్లాయెను.

జూలై మొదట తిరిగి రాబోగా, తాను ముందు దాటివచ్చిన టెక్లనీకా నది పొంగియుండెను. మన వాగులు వానకు పొంగును. మంచుకొండల నీటితో పారు ఆ నది వేసవి యెండకు పొంగును. అతడు నీటిలో దిగక వెనుకకు మరలెను. అది వివేకమే. అయితే దిగువను మైలులోపే, నదికి అడ్డముగా కట్టిన ఇనుప తాడునకు వ్రేలాడు తొట్టి యుండెను. దానిలో కూర్చుండి దాటవచ్చును. ఈ సంగతి అతడెరుగడు. ఆగస్టులో ఆకలిచే కృశించి చనిపోయెను. సెప్టెంబరు 6న వేటగాండ్రు అతని శరీరమును కనుగొనిరి.

చనిపోయినవానిని నిందించుట మన పని కాదు. అతని ధైర్యము నిజమైనదే. కాని పటమనగా ఏమి? మనకు ముందు ఆ నేలపై నడచి, కొలిచినవారి శ్రమయే గదా! మంచునీటి నది తెల్లవారుజామున తగ్గియుండునని, దాటునప్పుడు పడిపోయిన మూటను వెంటనే విడుచుటకు నడుము పట్టీని ముందే విప్పవలెనని, పొడిబట్టలను, అగ్గిపెట్టెను తడువకుండ కట్టుకొనవలెనని, వాగునీటిని కాచి త్రాగవలెనని, పోవు త్రోవను, తిరిగివచ్చు దినమును ఒకరికి చెప్పి పోవలెనని అనుభవజ్ఞులు చెప్పుదురు. ఇవి భయస్థుల మాటలు కావు. ముందు నడచినవారు మనకు విడిచిన ఆస్తి. దానిని వద్దనువాడు స్వతంత్రుడగుట లేదు, ఒట్టి చేతులవాడగుచున్నాడు.

మరియు తన ప్రాణము తనదే యన్నమాట నిలువదు. కుమారుని జాడకై ఎదురుచూచిన తలిదండ్రులు లేరా? ఆ బస్సును చూడవలెనని పోయినవారిలో 2010లో ఒకరు, 2019లో ఒకరు అదే నదిలో ప్రాణము విడిచిరి. తుదకు 2020 జూన్‌లో ఆ బస్సును హెలికాప్టరుతో ఎత్తి తీసికొనిపోయిరి. ఒంటరిగా వేసిన అడుగు ఒంటరిగా నిలువలేదు.

కావున మనము ఎంత బలవంతులమైనను, ఎరుగని వాగు ఒడ్డున నిలిచి, ముందు దాటినవానిని “లోతెంత?” అని అడుగుటకు సిగ్గుపడకుందుము గాక. దాటినవారము, వెనుక వచ్చువానికి చెప్పుటకు మరువకుందుము గాక.