బొమ్మకు రంగు వేసిన చేయి ఎవరిది?

పిల్లల కోసం బొమ్మ కొనే సందర్భంలో మన ఇళ్లలో సాధారణంగా ఒక ప్రశ్న తలెత్తుతుంది. కళ్లూ ముక్కూ ఉన్న బొమ్మ ఇంట్లో ఉండవచ్చా? ఇది మంచి ప్రశ్నే. హజ్రత్ ఆయిషా (ర.అన్హా) చిన్నతనంలో బొమ్మలతో ఆడుకునేవారని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. ఆమె బొమ్మల్లో రెక్కలున్న గుర్రం ఒకటి ఉండేదని, దాని గురించి ఆమె చెప్పిన జవాబు విని దైవప్రవక్త (స) నవ్వారని అబూ దావూద్ గ్రంథంలో ఉంది. దీన్ని ఆధారం చేసుకుని చాలామంది ధర్మపండితులు పిల్లల ఆటబొమ్మలకు అనుమతి ఇచ్చారు. కొందరు విభేదించారు. గౌరవంతోనో అలంకరణ కోసమో నిలబెట్టే ప్రతిమల విషయంలో మాత్రం వారు చాలా గట్టిగా హెచ్చరించారు.

అయితే మనం అడగని ప్రశ్న మరొకటి ఉంది. ఈ బొమ్మ ఎక్కడ తయారైంది? దీనికి రంగు వేసిన చేతికి దాని హక్కు దక్కిందా?

కాజీపేట పక్కనున్న మడికొండ నుంచి హైదరాబాదు రహదారిపై జనగామ చేరి, అక్కడ సిద్దిపేట వైపు మళ్లితే చేర్యాల వస్తుంది. 2016లో జిల్లాల పునర్విభజన జరిగేవరకు అది వరంగల్ జిల్లాలోనిదే. ఊరూరా తిరిగి కథలు చెప్పేవారి కోసం పటాలు గీసి, బొమ్మలు చేసిన కుటుంబాలు అక్కడ ఉన్నాయి. వారిని నకాశీలు అంటారు. ఇది మనకు పరిచయమైన మాటే. అరబీ, ఉర్దూ భాషల్లోని ‘నఖ్ష్’, ‘నఖ్ఖాష్’ పదాల నుంచే వచ్చింది. తేలికైన పొణికి కర్ర, రంపపు పొట్టు, చింతగింజల పిండితో కాచిన జిగురు వారి ముడిసరుకు. బొమ్మను మలిచి, ఎండబెట్టి, తెల్లని పూత పూసి, ఆ పైన కుంచెతో రంగులు దిద్దుతారు. ఇంటిల్లిపాదీ పనిచేస్తేనే బొమ్మ పూర్తవుతుంది. నేడు ఈ పనిలో మిగిలినవి కొద్ది కుటుంబాలే.

ఇక బజారులో మనకు కనిపించే ప్లాస్టిక్ బొమ్మల సంగతి చూద్దాం. సేకరించి అద్దాల అరల్లో దాచుకునే చిన్న బొమ్మల్లో అత్యధికం చైనాలోని గ్వాంగ్‌డాంగ్ వంటి ప్రాంతాల కర్మాగారాల నుంచి వస్తాయి. అచ్చులో బొమ్మ తయారవుతుంది గానీ, రంగుల దగ్గర మనిషి చేయి తప్పదు. వరుసగా కూర్చున్న కార్మికుల్లో ఒకరు జుట్టుకు, ఒకరు చొక్కాకు, ఇంకొకరు బూట్లకు రంగు వేస్తారు. రోజంతా అదే రంగు, అదే గీత.

ఈ పరిశ్రమ చరిత్రలో 1993 మరచిపోలేని సంవత్సరం. ఆ ఏడాది మే 10న థాయ్‌లాండ్‌లో బ్యాంకాక్ సమీపంలోని కేడర్ బొమ్మల కర్మాగారం కాలిపోయి 188 మంది మరణించారు. నవంబరు 19న చైనాలోని షెన్‌జెన్‌లో మరో బొమ్మల కర్మాగారంలో మంటలు లేచి 87 మంది చనిపోయారు. మృతుల్లో అత్యధికులు యువతులు. రెండు చోట్లా బయటికి వెళ్లే తలుపులకు తాళాలు వేసి ఉన్నాయి. సరుకు దొంగతనం కాకూడదన్న జాగ్రత్త ప్రాణాల విషయంలో లేకపోయింది.

ఇక్కడ ఆలోచించవలసిన విషయం ఉంది. ‘చేత్తో రంగులు వేసినది’ అని రాసి ఉంటే ఆ బొమ్మకు ధర పెరుగుతుంది. సేకరించేవారు ఆ మాట చూసే సంతోషంగా ఎక్కువ చెల్లిస్తారు. కానీ ఆ చేయి ఎవరిదని అడగరు. చేతికి విలువ కట్టి, చేయిగల మనిషిని మరచిపోవడం ఎలాంటి న్యాయం?

మడికొండ పరిసరాల వారికి ఈ విషయం విడమరచి చెప్పనవసరం లేదు. మడికొండలో నేడు జౌళి పార్కు ఉంది. కానీ గిట్టుబాటు లేక సూరత్‌కు, భీవండికి, షోలాపూర్‌కు వలసపోయిన నేత కుటుంబాల కథ ఓరుగల్లు ప్రాంతమంతటికీ తెలుసు. కొనేవాడు గుడ్డ నాణ్యం చూస్తాడు, మగ్గం ముందు కూర్చున్నవాణ్ణి చూడడు. బొమ్మల విషయంలో ఆ కొనేవాళ్లం మనమే.

కూలివాని చెమట ఆరకముందే కూలి చెల్లించమని దైవప్రవక్త (స) ఆదేశించారు (ఇబ్నె మాజా). పని పూర్తిగా చేయించుకుని కూలి ఎగ్గొట్టిన వ్యక్తికి తీర్పుదినాన తానే ప్రత్యర్థినవుతానని అల్లాహ్ హెచ్చరించినట్లు బుఖారీలోని హదీసు తెలుపుతున్నది. హజ్రత్ షుఐబ్ (అలైహిస్సలాం) తన జాతివారిని కొలతల్లో మోసం మానమని చెప్పి ఊరుకోలేదు, ప్రజల వస్తువులకు విలువ తగ్గించవద్దని కూడా బోధించారు (అల్ ఆరాఫ్: 85). ఈ హక్కుకు మతంతో నిమిత్తం లేదు. హిజ్రత్ ప్రయాణంలో దైవప్రవక్త (స) కూలికి కుదుర్చుకున్న దారిచూపరి అబ్దుల్లా బిన్ ఉరైఖిత్ ముస్లిం కాదు. చేర్యాల పటాల్లోని కథలు మన విశ్వాసానికి చెందినవి కాకపోవచ్చు. కానీ చేర్యాల కళాకారుని శ్రమకు విలువ మాత్రం మనం కట్టవలసిందే.

“తప్పు యజమానిది, కొన్నవాళ్లం మేమేం చేస్తాం? ఒకరి పాపభారం మరొకరు మోయరు కదా!” అని కొందరు అనవచ్చు. నిజమే. తెలియని దానికి మనల్ని నిలదీయరు. ప్రతి చౌక బొమ్మనూ హరామ్ అనడం కూడా తగదు. అల్లాహ్ నిషేధించని దాన్ని నిషిద్ధమని ప్రకటించే అధికారం మనకు లేదు. అందరూ ఒక్కసారిగా కొనడం మానేస్తే ముందుగా పస్తులుండేది ఆ రంగులు వేసే అమ్మాయే. కానీ తెలుసుకునే వీలుండి కూడా ముఖం తిప్పుకోవడం వేరు. దౌర్జన్యంలో పరస్పరం సహకరించుకోవద్దన్న ఖుర్ఆన్ ఆదేశం (అల్ మాయిద: 2) ఇక్కడ మనల్ని ఆలోచింపజేయాలి.

అయితే మనం చేయగలిగింది ఏమిటి? అరలు నింపే పది బొమ్మలకు బదులు బిడ్డ నిజంగా ఆడుకునే ఒక్క బొమ్మ కొందాం. కళాకారుని వద్ద కొనేటప్పుడు పది రూపాయల కోసం గంటసేపు బేరమాడడం మానుదాం. అమ్మేటప్పుడు, కొనేటప్పుడు ఉదారంగా మసలుకునే వ్యక్తిని అల్లాహ్ కరుణించాలని దైవప్రవక్త (స) దుఆ చేశారు. రంగుల గురించి కూడా విచారిద్దాం. 2007లో పేరున్న విదేశీ కంపెనీలే రంగులో సీసం ఉందని లక్షల బొమ్మలు వెనక్కి తీసుకున్నాయి. బొమ్మను నోట పెట్టుకునే పసివాడికే కాదు, రోజంతా ఆ రంగు దగ్గరే కూర్చునే కార్మికునికీ అది విషమే. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. ప్రభుత్వం వద్ద నమోదైన హస్తకళాకారులకు మినహాయింపు ఉంది. కనుక వారి వద్ద ఏ రంగు వాడారని మర్యాదగా అడిగి తెలుసుకోవాలి.

అన్నింటికీ మించి, బొమ్మ చేతికిచ్చేటప్పుడు బిడ్డకు ఒక్క మాట చెబుదాం: “ఇది ఎవరో కష్టపడి చేసింది నాయనా, జాగ్రత్తగా ఆడుకో.” శ్రమను గౌరవించడం ఆ మాటతోనే మొదలవుతుంది.

ఇతరుల శ్రమను గుర్తించే హృదయాన్ని, వారి హక్కును చెల్లించే బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.