ఓళిగ ముందర కాసేపు ఆగు నాయనా

రా నాయనా, ఇట్ల అరుగు మీద కూర్చో. పోయిన ఉగాదికి ఈ మూడు మెట్లు ఎక్కేసరికి ఆయాసంతో గోడ పట్టుకున్నోడివి, ఈ పొద్దు చెప్పుల చప్పుడు కూడా వినపడకుండా వచ్చినావు. చూస్తేనే నా కడుపు నిండింది. బరువు తగ్గేదానికి ఆపరేషన్ అన్నప్పుడు నేనూ భయపడినదాన్నే, ఒప్పుకుంటా. ఇప్పుడు ఆ భయం లేదు. ఇంకోటి పట్టుకుంది. నేను లోపలికి పోయి మంచినీళ్లు తెచ్చేలోపల నీ చెయ్యి బొరుగుల గిన్నెలోకి మూడుసార్లు పోయింది చూడు, దాని గురించే చెప్తా. కోపం తెచ్చుకోకుండా విను.

కత్తి పడింది నీ కడుపుకు. ఈ ఆపరేషన్లలో స్లీవ్ అంటే కడుపులో ముప్పావు వంతు, ఇంకా ఎక్కువే తీసేసి, మిగిలినదాన్ని సన్నటి అరటికాయంత గొట్టంగా ఉంచుతారు. బైపాస్ అయితే తిన్నది దిగే సంచి కోడిగుడ్డంత కూడా ఉండదు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా ఊరేది కడుపు పైభాగంలోనే. స్లీవ్‌లో ఆ భాగం పోతుంది కాబట్టి మొదట్లో చాలామందికి ఆకలే తెలీదు. ఆ మొదటి నెలలను చూసి పిల్లలు మోసపోతారు. ఇంక నాకు తిండి మీద ధ్యాసే లేదు పెద్దమ్మా అంటారు. ఆకలి లేకపోవడం వేరు, ఆశ లేకపోవడం వేరు నాయనా. పొద్దున్నే ఉగ్గాని బజ్జీ, సాయంత్రం బండి మీద పోతా ఉంటే బేకరీ వాసన, మనసు బాగలేకపోతే ఒక మైసూర్‌పాక్, మనసు బాగుంటే రెండు. ఈ అలవాట్లకు ఏ కత్తీ తగల్లేదు. ఇరవై ఏండ్ల అలవాటు ఒక పూట మత్తులో పోదు.

మా అక్క మనవడి సంగతి చెప్తా. బైపాస్ అయిన ఏడు నెలలకు జమ్మలమడుగులో పెండ్లికి పోయినాడు. ఆకు ముందర కూర్చోని అన్నం వద్దన్నాడు, పప్పు వద్దన్నాడు, ఓళిగ, అదే బొబ్బట్టు, వేస్తే మాత్రం చెయ్యి అడ్డం పెట్టలేదు. వేడివేడి ఓళిగ, మీద కరిగిన నెయ్యి, పక్కన పాయసం. రెండు తిన్నాడు. పావుగంట కాలేదు, చొక్కా తడిసి వీపుకు అతుక్కుంది. గుండె దడదడ, కడుపులో మెలిపెట్టడం. నిలబడలేక మండపం పక్క గదిలో చాప మీద పడుకున్నాడు. దిష్టి తగిలిందని వాళ్లమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పోసింది. దిష్టి కాదు, చక్కెర. మామూలు కడుపు తిన్నదాన్ని కొంచెం కొంచెంగా పేగులోకి వదుల్తుంది. బైపాస్ అయినోళ్లకు ఆ కావలి ఉండదు. తీపి ఒక్కసారిగా పేగులో పడుతుంది, ఒంట్లో నీళ్లు అటు పరుగెత్తుతాయి. దీన్నే డాక్టర్లు డంపింగ్ అంటారు.

ఇంకో రకం ఉంది, అది గంట నుంచి మూడు గంటల తర్వాత వస్తుంది. రక్తంలో చక్కెర ఎగిరిపడి, దాన్ని దించేదానికి ఇన్సులిన్ ఎక్కువ ఊరి, చక్కెర ఉండాల్సిన చోటు కన్నా కిందికి పడిపోతుంది. చేతులు వణుకుతాయి, కండ్లు తిరుగుతాయి, మళ్లా తీపి కావాలనిపిస్తుంది. తీపి తిన్నందుకే తీపి కావాలనిపించడం, చూడు ఎట్లాంటి సుడిగుండమో. అట్ల వణుకు వచ్చినప్పుడు మాత్రం పంతానికి పోవద్దు. డాక్టరు చెప్పినంత చక్కెర నోట్లో వేసుకో, కుదుటపడినాక కాస్త గుడ్డో పెరుగో తిను, ఆ సంగతి దాచిపెట్టకుండా ఆయనకు చెప్పు.

నీలాగ స్లీవ్ అయినోళ్లకు ఈ డంపింగ్ దెబ్బ అంతగా తగలదు. అది అదృష్టమని నువ్వనుకుంటావు. నాకైతే అదే భయం. కంచె లేని చేను లాంటిది అది, ఏది ఎప్పుడు మేసిపోతుందో తెలీదు. కోడికూర రెండు ముక్కలు నమిలి తింటే చాలని కడుపే చెప్తుంది. ఉగ్గాని తిను, చెప్పదు. దాంట్లో నానిన బొరుగులు మెత్తగా జారిపోతాయి, గంటకే మళ్లా చోటవుతుంది. టీలో ముంచిన బిస్కట్ జారిపోతుంది. ఐస్‌క్రీం జారిపోతుంది. పులివెందుల చీనీకాయలు మంచివే, ఎవరు కాదన్నారు? తొనలు ఒలుచుకుని తింటే రెండు మూడు తొనలకే చాలంటావు. అదే రసం తీస్తే మూడు నాలుగు కాయలు గ్లాసులో పడి, గుక్కల్లో దిగిపోతాయి. కాలువ ఎంత సన్నగా తవ్వినా రాళ్లు ఆగుతాయి గానీ నీళ్లు ఆగవు కదా. ఆపరేషన్ అయినోళ్లలో చానామందికి బరువు మళ్లా ఎక్కేది ఈ దోవలోనే. ఏడాదికో ఏడాదిన్నరకో తగ్గడం ఆగుతుంది, తర్వాత రెండు మూడు కిలోలు అటూ ఇటూ అయితే బాధలేదు. కానీ రోజూ పిడికెడు మిక్చరు, రోజూ నాలుగు బిస్కట్లు, వీటి లెక్క ఎవరూ రాసుకోరు, ఒళ్లు రాసుకుంటుంది.

అందుకే ముందు గుడ్డు అంటా. ముందు గుడ్డు, తర్వాతే ముద్ద. నీకు రోజుకు అరవై గ్రాములకు తగ్గకుండా మాంసకృత్తులు పోవాలని చెప్పి పంపించింటారు. గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే. ఉన్న కాస్త చోటునూ అన్నంతో నింపేస్తే మిగతాది యాడ పట్టిస్తావు? నాటుకోడి పులుసూ సంకటీ వడ్డిస్తే ముందు ముక్క తిను, బాగా నమిలి తిను, సంకటి చివర్న నిమ్మకాయంత. పప్పు గట్టిగా వండించుకో. చెనిక్కాయలు మంచివే గానీ వాటిలో సగం నూనె, గుప్పెడు కాదు, లెక్కపెట్టి తినాల. తినేటప్పుడు నీళ్లు తాగొద్దు, తిన్న అరగంటకు తాగు. నీళ్లతో కలిస్తే తిండి తొందరగా జారిపోతుందంటారు.

సంకటి రాగిది కదా పెద్దమ్మా, ఎంత తిన్నా ఏమీ కాదు కదా అంటావు, నాకు తెలుసు. నేనూ అట్లే అనుకుంటి. 2025లో ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ఒకటి అచ్చయింది. మన దేశంలో జనం తినే కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందంట. అన్నం మానేసి గోధుమలో చిరుధాన్యాలో తిన్నంత మాత్రాన చక్కెర జబ్బు ముప్పు తగ్గదనీ, ఆ పిండిలో కొంత తగ్గించి పప్పులూ, పెరుగూ, గుడ్లూ, చేపలూ తింటే తగ్గుతుందనీ తేల్చినారు. ఆపరేషన్ లేనోళ్లకే అట్లుంటే అరటికాయంత కడుపున్న నీ సంగతేంది? రాగి మంచిదే నాయనా, మంచిదని ముద్ద పెద్దది చేసుకుంటే మంచితనం పోతుంది.

మనది బంగారం ఊరు. ప్రొద్దుటూరును రెండో బొంబాయి అంటారు. అంగట్లో గొలుసు తూచేటప్పుడు చూడు, ఫ్యాను గాలికి త్రాసు కదులుతుందని ఫ్యాను ఆపుతారు. గురిగింజెత్తు తేడా వచ్చినా ఊరుకోరు. నీ పళ్లెం ముందర నువ్వు అట్ల కూర్చోవాల. చిన్న పళ్లెం పెట్టుకో, చిన్న చెంచా పెట్టుకో, ఫోను పక్కన పెట్టు. పొట్లంలోంచి, డబ్బాలోంచి తినొద్దు. ఎంత తినాలనుకుంటే అంత గిన్నెలో పోసుకో, డబ్బా లోపల పెట్టి రా.

ఆశ పుట్టినప్పుడు నిన్ను నువ్వు ఒక మాట అడుగు: ఇప్పుడు ఉడికించిన గుడ్డు పెడితే తింటానా అని. తింటాననిపిస్తే అది ఆకలి, తిను. గుడ్డొద్దు, లడ్డే కావాలంటే అది ఆశ. ఆశను తిట్టొద్దు, దానితో కొట్లాడొద్దు. కాసిని నీళ్లు తాగి, శివాలయం వీధి దాకా నడిచి రా. వచ్చేసరికి చానాసార్లు అది పోయింటుంది. రాత్రంతా మేలుకొని ఫోను చూసినోడికి పొద్దున తీపి మీద మనసు పోతుంది, అందుకని నిద్ర కూడా మందే. ఇంకోటి, తీపి మానినోళ్లు కొందరు మందు తాగడం మొదలుపెడతారు. ఈ ఆపరేషన్ల తర్వాత అది గబాన తలకెక్కుతుంది, దాని జోలికే పోవద్దు. బి12, ఐరన్, కాల్షియం మాత్రలు బాగున్నామని మానేయొద్దు. వాంతులు ఆగకుండా అవుతుంటే ఇంట్లో జీలకర్ర నీళ్లు తాగుతా కూర్చోకుండా ఆస్పత్రికి పో.

ఒకవేళ నోరు జారి తిన్నావే అనుకో. తింటావు, మనిషివి కదా. దాచొద్దు. మా అక్క మనవడు బండి డిక్కీలో బిస్కట్ పొట్లం దాచుకొని, పెట్రోలు బంకు వెనక నిలబడి తినేవాడు. వాడిని పట్టుకున్నప్పుడు నేను తిట్టలేదు. వాడి కండ్లలో నీళ్లు చూసినాక ఎట్ల తిడతా? ఇంట్లో పదిమంది ముందర తినలేకనే కదా అట్ల పోయింది. ఆ పొద్దు నుంచి వాడు ఏమి తిన్నా వాళ్లమ్మకు చెప్తాడు. డైటీషియన్ దగ్గరికి ఆ అమ్మే తోడు పోతుంది. చెప్పుకునే మనిషి దొరికినాక తినేది సగమైంది.

మీ అమ్మతో కూడా ఈ మాట చెప్పు, లేదంటే నన్నే చెప్పమను. చిక్కిపోయినావని కండ్ల నీళ్లు పెట్టుకుంటా ఒక్క ముద్ద, ఒక్క ముద్ద అని తినిపించొద్దను. ఇన్నేండ్లూ నీకు ప్రేమంటే అన్నమే అని నేర్పించినోళ్లం మేమే, తప్పు మాది కూడా. ఇంట్లో బొరుగుల డబ్బా నీ కంటికి ఎదురుగా కాకుండా పై అటకకు పోవాల. ఇదిగో, నేనే ఈ గిన్నె లోపల పెట్టేస్తున్నా.

దసరాకు అమ్మవారిశాల గుడి కాడికి పోయి అట్లే మా ఇంటికి రా. నీ డాక్టరు సరేనంటే ఓళిగ పావు ముక్క నేనే పెడతా. పప్పుగిన్నె మాత్రం ముందర ఖాళీ చేయాల, నేను ఎదురుగా కూర్చోని చూస్తా.