తవ్వకం మీద నిలిచిన ఊరు

తవ్వకం మీద నిలిచిన ఊరికి, తవ్వకం ఆగాక బతికే హక్కు ఉంటుందా? బొగ్గు గనుల భూపాలపల్లి మాట వచ్చినప్పుడల్లా ఈ ప్రశ్న వెంటాడుతుంది. బొగ్గున్నన్నాళ్లే ఊరని తేల్చేసేవాళ్ల మాట నిజమైతే, ఇల్లందు ఎప్పుడో చెదిరిపోవాలి. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ అక్కడ బొగ్గు జాడ కనిపెట్టాడు. 1889లో తవ్వకం మొదలైంది. ఆ బొగ్గు కోసమే డోర్నకల్ దగ్గర రైలుమార్గం చీలింది. ఆ కాలపు బాయిలు మూతపడ్డాయి, సింగరేణి బొగ్గు కంపెనీ పెద్దాఫీసు కొత్తగూడెంలో ఉంది. అయినా ఇల్లందు ఉంది. చుట్టూ ఉన్న పల్లెలు, గూడేలు, తండాలు అంగడికి అక్కడికే వస్తాయి. ఊళ్లు బొగ్గు కన్నా మొండివి.

ఇక్కడితో అనుమానం తీరాలి, తీరదు. ఊరు మిగలడం వేరు, ఊరి కింద నేల మిగలడం వేరు. అండర్‌గ్రౌండ్ బాయిలో పైకప్పు కూలకుండా బొగ్గునే స్తంభాలుగా వదిలి, మధ్యలో దారులు తొలుస్తారు. ఆఖరున ఆ స్తంభాలనూ తీసుకుంటూ వెనక్కి వస్తారు. ఖాళీలో ఇసుక నింపుతారు, లేదా కప్పును కూలనిస్తారు. ఇన్నాళ్లూ మనిషి ప్రాణం కాసిన స్తంభం కూడా చివరికి సరుకే. ఓపెన్‌కాస్ట్‌లో ఆ దాపరికమూ లేదు. పొలం, దాని కింది రాయి కలిసి మట్టిదిబ్బలవుతాయి. భూపాలపల్లి పక్కనే గణపురంలో కాకతీయుల నాటి గణపసముద్రం ఉంది. వాళ్లూ మట్టి తవ్వినవాళ్లే, కానీ ఆ మట్టి కట్టయి నీళ్లు నిలిపింది. కాబట్టి తవ్వడమే పాపమనడానికి లేదు.

బొగ్గు ఊరికే పోలేదు, జీతమైంది, క్వార్టరైంది, పిల్లల చదువైంది, పక్కనున్న చెల్పూరులో 1,100 మెగావాట్ల కరెంటైంది అంటారు. కాదనలేం. కానీ ఆ కరెంటు తీగల వెంట, ఆ చదువు హైదరాబాద్ బస్సెక్కి వెళ్లిపోతాయి. గుంత మాత్రం ఎక్కడికీ పోదు. గనికి చెరువుతో పోలికేమిటి, తవ్విన నేలను తిరిగివ్వడం ఎవరి తరం అని ఇంకో వాదన. కానీ తిరిగిచ్చినవాళ్లున్నారు. నేదర్లాండ్స్‌లో గ్రోనింగెన్ నగరం చుట్టుపక్కల కొన్ని ఊళ్లు పీట్ తవ్వకంతోనే పుట్టాయి. కుళ్లిన మొక్కలు పేరుకుని ఏర్పడిన ఆ నల్లమట్టిని కోసి, ఎండబెట్టి పొయ్యిలోకి వాడేవారు. తవ్వినవాళ్లే ఆ నేలను సాగులోకి తేవాలని నగరం షరతు పెట్టింది. పైపొరను తీసి పక్కన ఉంచి, తవ్వకం అయ్యాక ఇసుకతో కలిపారు. పీట్ మోసుకెళ్లిన పడవలే తిరుగు ప్రయాణంలో నగరపు చెత్తను ఎరువుగా తెచ్చాయి. తర్వాత అక్కడ ఆలుగడ్డ పండింది. పీట్ కొద్ది మీటర్ల లోతే, మన బొగ్గు చాలా కిందుంటుంది. అందుకని ఆ పద్ధతి మనకు పనికిరాదు. షరతు పనికొస్తుంది.

నిజానికి ఆ షరతు మన కాగితాల్లోనూ ఉంది. గని మూసివేత ప్రణాళిక ఉండాలని, దానికోసం ఏటా ఎస్క్రో ఖాతాలో, అంటే ఆ పనికే కట్టుబడిన ఖాతాలో, డబ్బు వేయాలని కేంద్ర బొగ్గు శాఖ 2009లోనే మార్గదర్శకాలిచ్చింది. బతికే హక్కు గురించి మొదట అడిగిన ప్రశ్నే సరైనది కాదేమో. ఊరు ఎలాగూ బతుకుతుంది. తన నేలను తిరిగివ్వమని ఎప్పుడు అడిగిందన్నదే లెక్క. బొగ్గు అయిపోయాక అడిగితే అది బిచ్చం, తవ్వుతుండగా అడిగితే షరతు. భూపాలపల్లిలో బాయి ఇంకా నడుస్తోంది. ఆ మూసివేత ప్రణాళికను గని చుట్టూ ఉన్న ఊళ్ల గ్రామసభల్లో, తెలుగులో, అందరికీ వినబడేలా చదివించమని ఇప్పుడే అడగండి.