సాయంత్రం నాలుగు తర్వాత పిల్లలు ఎవరి బాధ్యత?

'బడి వేళల తర్వాత' అన్న మాట మన చట్టాల్లో సూటిగా కనిపించే చోటు ఏదో తెలుసా? బాల కార్మిక చట్టం. 2016లో సవరించిన ఆ చట్టం పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టకూడదంటుంది. ఆ వెంటనే ఒక మినహాయింపు ఇస్తుంది: బడి వేళల తర్వాతా, సెలవుల్లోనూ, ప్రమాదం లేని పనుల్లో ఇంటివాళ్లకు సాయపడొచ్చు. విద్యా హక్కు చట్టం మాత్రం బడి లోపలి గంటలనే లెక్కపెడుతుంది. ఐదో తరగతి వరకు ఏడాదికి 800 బోధనా గంటలు, ఆరు నుంచి ఎనిమిది వరకు 1000. ఏడాదికి ఉండేవి 8,760 గంటలు. అందులో నిద్ర తీసేసినా, పిల్లల బతుకులో ఎక్కువ భాగం బడి బయటే గడుస్తుంది. ఆ భాగం గురించి మన చట్టానికి తోచింది పని ఒక్కటే.

నేను ఖమ్మంలో పెరిగాను. అక్కడ సాయంత్రానికి ధర ఉంది. ట్యూషన్, అబాకస్, కరాటే, ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్. పిల్లాడు ఖాళీగా కనిపిస్తే అమ్మానాన్నలకు కంగారు. అదే ఖమ్మం నుంచి వందకు పైగా కిలోమీటర్లు వెళ్లి, భద్రాచలం దాటి, దుమ్ముగూడెం, చర్ల వైపు అడవి అంచు గూడేల్లోకి పోతే సాయంత్రానికి ధరా లేదు, పద్దూ లేదు. బడి వదలగానే ఆడపిల్ల బిందె అందుకుంటుంది, లేదా తమ్ముణ్ణి చంకనేసుకుంటుంది. మగపిల్లాడు పశువుల వెనక పోతాడు. మిర్చి కోతలప్పుడు అదీ ఉండదు. ఇల్లంతా చేలకు కదిలిపోతుంది, పిల్లలు కూడా.

ఈ ప్రాంతపు పిల్లలకు ప్రభుత్వం ఏమీ చేయట్లేదని నేననను. భద్రాచలం ఐటీడీఏ కింద ఆశ్రమ పాఠశాలలున్నాయి, హాస్టళ్లున్నాయి, గురుకులాలున్నాయి. 2024లో డైట్ చార్జీలు 40 శాతం పెంచారు. మూడు నుంచి ఏడో తరగతి వరకు ఒక్కో విద్యార్థికి నెలకు 1,330 రూపాయలు, ఎనిమిది నుంచి పది వరకు 1,540. అంటే హాస్టల్ పిల్లల సాయంత్రం సర్కారు లెక్కలో ఉంది. వాళ్లకో స్టడీ అవర్ ఉంటుంది, రాత్రి భోజనం ఉంటుంది, చీకటి పడ్డాక ఎక్కడున్నారని అడిగే మనిషి ఉంటాడు. ఆ పిల్లాడి తమ్ముడు మాత్రం ఊళ్లోనే ఉండి, ఊరి బడికే పోతాడు. వాడికి మధ్యాహ్న భోజనం దాకానే ప్రభుత్వం. నాలుగు దాటాక వాడి పేరు ఏ రిజిస్టర్లోనూ ఉండదు.

ఈ తేడా నన్ను చాలాకాలంగా కుదురుగా ఉండనీయట్లేదు. అడవి పిల్లల సాయంత్రానికి డబ్బు పెట్టడానికి మనకు అభ్యంతరం లేదు. అయితే ఒక షరతు: ముందు వాళ్లు ఊరూ అమ్మా వదిలి రావాలి. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఛత్తీస్‌గఢ్ నుంచి ప్రాణాలు చేతపట్టుకుని వచ్చిన గుత్తికోయల పిల్లల్ని తలుచుకోండి. ఒకసారి ఊరు పోగొట్టుకుని వచ్చిన కుటుంబాలవి. చదువు కోసం ఆ పిల్లల్ని మళ్లీ ఇంటి నుంచి విడదీయడం తప్ప వేరే దారి లేదనడం న్యాయమేనా?

ఊళ్లోనే సాయంత్రం ఒక చోటు పెడదామనగానే మొదట వచ్చే ప్రశ్న: దానివల్ల ఏం ఫలితం? ఇది మన దగ్గరే కాదు. అమెరికాలో బడి తర్వాతి కేంద్రాలకు ఏటా వంద కోట్ల డాలర్లకు పైగా ఇచ్చే ఫెడరల్ పథకం ఒకటుంది. 2017లో ట్రంప్ ప్రభుత్వం దాన్ని ఎత్తేద్దామంది. వీటివల్ల చదువు మెరుగుపడుతోందన్న రుజువు లేదన్నది వాళ్లు చెప్పిన కారణం. పథకం నిలిచింది గానీ, దాన్ని కాపాడినవాళ్లలో చాలామంది కూడా మార్కులు, హాజరు, నేరాలు తగ్గడం అనే భాషలోనే వాదించాల్సి వచ్చింది.

మార్కులు పెరిగితే మంచిదే. కానీ ఓ పదేళ్ల పిల్ల లైటు కింద కూర్చుని రెండు గంటలు బొమ్మలు వేసుకుందనుకోండి. ఆ రెండు గంటలకు విలువ రావాలంటే ఏడాది చివర లెక్కల్లో ఇన్ని మార్కులు పెరగాల్సిందేనా? లకారం ట్యాంక్‌బండ్ మీద లైట్లు, కేబుల్ బ్రిడ్జి పెట్టినప్పుడు దానివల్ల ఖమ్మం వాళ్ల ఉత్పాదకత ఎంత పెరిగిందని ఎవరూ అడగలేదు. సాయంత్రం మనుషులకు కాస్త గాలీ వెలుతురూ కావాలి, అంతే. పట్నంవాళ్ల సరదాకు రుజువు అడగని మనం గూడెం పిల్లల ఆటకు మాత్రం ఎందుకు అడుగుతున్నాం? పేదవాళ్ల మీద పెట్టే ప్రతి రూపాయీ పెట్టుబడిగానే కనబడాలన్న పట్టుదల తప్ప నాకు వేరే కారణం తోచలేదు. పిల్లలకు విశ్రాంతి, ఆట హక్కులని చెప్పే ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో మన దేశం 1992లోనే చేరింది. హక్కంటే ఫలితం చూపించి సంపాదించుకునేది కాదు కదా.

దీనికంటే గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. గూడెంలో సాయంత్రం ఖాళీ అని ఎవరు చెప్పారు? ఏ చెట్టు కాయ ఎప్పుడు పండుతుందో, ఇప్పపువ్వు ఎలా ఎండబెట్టాలో పిల్లలు నేర్చుకునేది పెద్దవాళ్ల వెంట తిరిగే ఆ వేళల్లోనే. సరిహద్దుకు అవతల బస్తర్‌లో మురియాలకు ఘోటుల్ ఉండేది. సాయంత్రమైతే పిల్లలూ పడుచువాళ్లూ అక్కడ చేరి పాటలు, ఆటలు, పనులు, కట్టుబాట్లు ఒకళ్ల నుంచి ఒకళ్లు నేర్చుకునేవాళ్లు. 1947లో వెర్రియర్ ఎల్విన్ దానిమీద పెద్ద పుస్తకమే రాశాడు. పగలంతా తెలుగులో నడిచే బడి, సాయంత్రాన్ని కూడా మింగేస్తే కోయ భాష ఎక్కడ బతకాలి?

ఈ అభ్యంతరాన్ని నేను ఒప్పుకుంటాను. అందుకే ఆ చోటు రెండో బడి కాకూడదంటాను. హాజరు పట్టీ వద్దు. కోయలో కథలు చెప్పే అవ్వకు అక్కడ పీట వేయాలి. హోంవర్క్ అర్థం కానివాళ్లకు చెప్పేవాళ్లు ఉండాలి, ఆడుకోవాలనుకుంటే బంతి ఉండాలి. రాకూడదనుకున్నవాళ్లు రాకపోవచ్చు. కానీ సంస్కృతి పేరు చెప్పి ఉన్నదాన్ని ఉన్నట్టే వదిలేయడాన్ని మాత్రం ఒప్పుకోలేను. బిందె మోసే పిల్లకు ఆ సాయంత్రం తను ఎంచుకున్నది కాదు. ఇంకో దారి కళ్లముందు ఉన్నప్పుడే ఎంచుకోవడం అన్న మాటకు అర్థం.

ఇక ఆ చోటు నడిపేది ఎవరు? ఇక్కడే 'సేవ' అన్న మాట దిగుతుంది. ఊళ్లో ఇంటర్ పాసై ఆగిపోయిన అమ్మాయి ఉంటుంది, ఆమెను ఉచితంగా చెప్పమందాం అంటారు. మిర్చి కోతకు పోతే కూలి వస్తుంది, పిల్లలకు చెబితే ప్రశంసాపత్రం వస్తుంది! పిల్లల సాయంత్రం విలువైనదని నమ్మితే, వాళ్లతో కూర్చున్న మనిషి సాయంత్రమూ విలువైనదే. జీతం ఇవ్వాలి. పైగా ఆపకుండా ఇవ్వాలి. దాతల డబ్బుతో రెండేళ్లు నడిచి మూతపడిన కేంద్రాన్ని ఒకదాన్ని చూశాను. షెడ్డులో మేకలు కట్టేశారు, గోడ మీద రంగుల అక్షరాలు ఇంకా ఉన్నాయి. ఆ ఊళ్లో మళ్లీ ఎవరైనా పుస్తకాల సంచీతో వస్తే పిల్లలు ఎంతకాలం ఉంటారని అడగరూ?

డబ్బెక్కడిదంటారా? హాస్టల్లో పదిమంది చిన్నపిల్లల తిండికి నెలకు 13,300 రూపాయలవుతుంది. హాస్టళ్లకు కోత పెట్టమని కాదు, కొలత కోసం చెబుతున్నాను. సుమారు అంత డబ్బుతో ఒక గూడెంలో ఒక మనిషికి గౌరవంగా కొంత జీతం, పిల్లలకు గుప్పెడు పల్లీలు, ఒక సోలార్ లైటు సాగుతాయి. ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు మనం ఎప్పటినుంచో కడుతున్నాం. గూడేనికి ఒక పుస్తకాల పెట్టె అందులోంచి రావాలి. ఇల్లందు, మణుగూరు గనుల జిల్లా ఇది. 2015 నుంచి గనులున్న జిల్లాలకు జిల్లా ఖనిజ నిధి ఉంది, దాని ప్రాధాన్యాల్లో విద్య ఒకటి. ఈ నేల తవ్వగా వచ్చిన డబ్బులో కొంత ఈ నేల పిల్లల సాయంత్రాలకు పెట్టడం దానం కిందికి రాదు. ఒక ఏడాదికి ఘనంగా ఇచ్చేకంటే పదేళ్లపాటు కొంచెం కొంచెం ఇవ్వాలి.

పద్నాలుగు దాటినవాళ్ల సంగతి ఇంకా కష్టం. విద్యా హక్కు చట్టం అక్కడితో ఆగిపోతుంది. బాల కార్మిక చట్టం వాళ్లను ప్రమాదకర పనుల్లో మాత్రమే వద్దంటుంది. పదో తరగతి పరీక్షల ముందు స్పెషల్ క్లాసులు పెట్టి, సాయంత్రం స్నాక్స్ ఇస్తారు. పరీక్షలతో పాటే అవీ అయిపోతాయి. తప్పినవాళ్లు ఆ ఏప్రిల్ సాయంత్రం ఎక్కడ కూర్చుంటారో ఎవరికీ పట్టదు. ఏ పరీక్షా లేని రోజున కూడా తలుపు తెరిచి ఉండే ఒక గది, అందులో పేరు పెట్టి పిలిచే ఒక మనిషి వాళ్లకు కావాలి.