‘ప్రశాంతంగా’ అనే మాట

మా అక్కావాళ్ళు డల్లాస్ దగ్గర ఉంటారు. 2020లో బడులు మూసేసినప్పుడు పిల్లలిద్దరికీ ఇంట్లోనే చదువు చెప్పడం మొదలుపెట్టింది అక్క. బడులు తెరిచాక కూడా తిరిగి పంపలేదు. ఇప్పుడు పెద్దదానికి పదిహేనేళ్ళు, చిన్నవాడికి పదమూడు. లెక్కలూ సైన్సూ బావ చూసుకుంటాడు. చరిత్రకి లైబ్రరీ ఉంది. ఎటూ తేలనిది ఒక్క రాయడమే. ఆ మధ్య ఒక ఎక్సెల్ షీట్ పంపి, “నువ్వెలాగూ పుస్తకాల మీద ఏవో రాస్తుంటావు కదరా, వీటిలో ఏది కొనాలో నువ్వే చెప్పు” అంది. షీట్‌లో నాలుగు కరికులమ్‌లు, వాటి ధరలు, ఎన్ని వారాలు పడతాయి, వీడియోలున్నాయా లేవా, అన్నీ వరసగా ఉన్నాయి.

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి. షీట్ కనిపిస్తే పోల్చి మార్కులు వెయ్యడం అలవాటు. ఒక సాయంత్రం కూర్చుంటే తేలిపోతుందనుకున్నాను. నెలన్నర పట్టింది. ఎందుకు పట్టిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

టెక్సస్‌లో ఇంటి చదువుని ఒక రకం ప్రైవేటు బడిగానే చూస్తారు. 1994లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు కూడా ఆ మాటే ఖాయం చేసింది. ప్రభుత్వం పరీక్షలు పెట్టదు, ఎవరూ వచ్చి తనిఖీ చెయ్యరు. తప్పనిసరిగా చెప్పాల్సినవి ఐదు: చదవడం, స్పెల్లింగ్, వ్యాకరణం, లెక్కలు, మంచి పౌరసత్వం. ఆ జాబితాలో వ్యాసం రాయడం లేదు. అంటే పిల్లలకి రాయడం ఎలా నేర్పాలన్నది పూర్తిగా అమ్మానాన్నల మీదే పడింది. చెడగొడితే తిట్టుకోవడానికి ఒక బడి కూడా ఉండదు.

అక్క పంపిన నాలుగూ నాలుగు దారులు. మొదటిది చెక్‌లిస్టు దారి. ప్రతి పేరాలో ఒక క్రియా విశేషణం, ఒక బలమైన క్రియ, ఒక ఉపమానం ఉండాలి. పిల్లలు రాసి, పక్కనున్న గళ్ళలో టిక్కులు పెట్టుకోవాలి. రెండోది స్వేచ్ఛా రచన. పది నిమిషాలు పెన్ను ఆపకూడదు, తప్పులు దిద్దకూడదు. 1973లో పీటర్ ఎల్బో అనే అమెరికన్ అధ్యాపకుడు, గురువుల్లేకుండా రాయడం గురించి రాసిన పుస్తకంతో ఈ పద్ధతికి పేరొచ్చింది. మూడోది వందేళ్ళ కిందటి ఇంగ్లండు ఉపాధ్యాయురాలు షార్లెట్ మేసన్ దారి. ఒక్కసారి చదివి, పుస్తకం మూసి, చదివింది సొంత మాటల్లో తిరిగి చెప్పాలి. నాలుగోది ప్రాచీన గ్రీకుల దారి. అఫ్తోనియస్ అనే ఆయన వరసపెట్టిన పధ్నాలుగు అభ్యాసాలు. నీతికథతో మొదలుపెట్టి, ఒక కథని ఖండించడం, అదే కథని సమర్థించడం, పొగడడం, తెగడడం మీదుగా చివరికి ఒక చట్టం మీద వాదించడం దాకా తీసుకెళతాయి.

చెక్‌లిస్టు అనగానే మొహం చిట్లించే మనుషులు మన సాహిత్య మిత్రుల్లో చాలామంది ఉంటారు. నేను అంత తేలిగ్గా చిట్లించలేను. నేను రాయడం నేర్చుకున్నదే అలా. పదో తరగతిలో వ్యాసం అంటే ఉపోద్ఘాతం, విషయ విస్తరణ, ముగింపు. ‘అన్నారు పెద్దలు’ అని కోట్ చెయ్యడానికి గైడు పుస్తకం నుంచి ఓ ఇరవై వాక్యాలు బట్టీ పట్టి పెట్టుకునేవాణ్ణి. కాలుష్యమైనా కట్నమైనా అవే ఇరవై అటూ ఇటూ తిప్పి దించేవాణ్ణి. మార్కులు బాగా వచ్చేవి. ఆ మూడు ముక్కల చట్రం నాకు ఇప్పటికీ ఆఫీసులో డిజైన్ డాక్యుమెంట్లు రాయడానికి పనికొస్తోంది. ఏమీ తోచని పిల్లవాడికి చట్రం పెద్ద దిక్కు. తెల్లకాగితం ముందు కూర్చోబెట్టి ‘నీ ఇష్టమొచ్చింది రాయి’ అనడం అందరికీ స్వేచ్ఛ కాదు, కొందరికి అది భయం.

కాబట్టి ఏ పక్షమూ తీసుకోకుండా, నాలుగు పద్ధతుల్లోనూ పిల్లల చేత తలా ఒక పేజీ రాయించమని అక్కకి చెప్పాను. చెక్‌లిస్టు పద్ధతిలో మా మేనకోడలు రాసినది ముందుగా వచ్చింది. ఇంగ్లిష్‌లో రాసింది. విషయం మా నాన్న, అంటే వాళ్ళ తాతయ్య, చనిపోవడం.

పేజీ శుభ్రంగా ఉంది. గళ్ళన్నింటిలోనూ టిక్కులున్నాయి. ఉపమానం ఉంది, బలమైన క్రియ ఉంది. క్రియా విశేషణం గడి పూర్తిచేసిన వాక్యం ఇది: తాతయ్య ‘పీస్‌ఫుల్లీ’ వెళ్ళిపోయారు.

నాకు ఒళ్ళు మండింది. కరికులమ్ మీద. గడి నింపడానికి ఏదో ఒక మాట కావాలి, చేతికి దొరికిన మాట అది, తెచ్చి అక్కడ పెట్టింది. మా నాన్న ఆఖరి రోజులు ఎలా గడిచాయో నాకు తెలుసు. ఆ చావు పక్కన ఆ మాట నిలబడదు. అమెరికాలో ఎస్ఏటీ పరీక్షలో కొన్నాళ్ళు 25 నిమిషాల వ్యాసం ఒకటుండేది. ఎంఐటీలో రచన నేర్పే లెస్ పెరెల్‌మన్ 2005లో ఆ వ్యాసాల నమూనాలు పరిశీలించి, ఎంత పొడుగుంటే అన్ని మార్కులు పడుతున్నాయనీ, రాసిన విషయం తప్పైనా మార్కులు తగ్గడం లేదనీ చూపించాడు. నాకు అదే గుర్తొచ్చింది. నిజంతో పనిలేకుండా వాక్యాలు తయారుచెయ్యడం నేర్పితే, పిల్లలు నేర్చుకునేది అబద్ధమాడడమే కదా. అది కూడా ఏ దురుద్దేశమూ లేకుండా, మార్కుల కోసం. అక్కకి పెద్ద మెయిల్ రాయడం మొదలుపెట్టాను. మధ్యలో ఆపి, ముందు పిల్లనే అడుగుదామని ఆ వాక్యం పక్కన ఒక కామెంట్ పెట్టాను: “ఇది నీకెలా తెలుసు?”

పావుగంటలో జవాబొచ్చింది. “నువ్వే చెప్పావు కదా మామయ్యా.”

నిజమే. నేనే చెప్పాను.

2021 మే. రెండో వేవ్. ఆ నెల 4వ తేదీ నుంచి, వీసా మీద ఉన్నవాళ్ళు ఇండియా వస్తే తిరిగి అమెరికా వెళ్ళడానికి వీల్లేకుండా ఆంక్షలు పెట్టారు. అక్క రాలేకపోయింది. నాన్న తొమ్మిది రోజులు ఐసీయూలో ఉన్నారు. ఎనిమిదో రోజు సాయంత్రం పీపీఈ కిట్ వేసి నన్ను పది నిమిషాలు లోపలికి పంపించారు. ట్యూబు పీకేసుకుంటున్నారని నాన్న చేతులు రెండూ మంచానికి గుడ్డతో కట్టేశారు. నన్ను గుర్తుపట్టారు. కట్టు విప్పమని కళ్ళతో చెప్పారు. నేను విప్పలేదు. తెల్లవారుజామున నాలుగింటికి ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. అవతల ఎవరో అమ్మాయి, ఆ రాత్రి అలాంటి ఫోన్లు ఎన్ని చేసిందో పాపం, “ప్రశాంతంగా పోయారండీ” అంది. ఐదు నిమిషాల తర్వాత నేను అక్కకి ఫోన్ చేసి అదే మాట చెప్పాను. అక్క పిల్లలకి చెప్పింది. నాలుగేళ్ళ తర్వాత ఆ మాట ఇంగ్లిష్‌లోకి మారి, ఒక గడిలో టిక్కుగా నా దగ్గరికే తిరిగొచ్చింది.

ఈ వరసలో ఒక్కరు కూడా ఆ సమయంలో నాన్న పక్కన లేరు. బహుశా ఆ ఫోన్ చేసిన అమ్మాయి కూడా.

అప్పుడుగానీ నా కోపం ఎంత సౌకర్యమైనదో అర్థం కాలేదు. చెక్‌లిస్టు ఆ పిల్ల చేత అబద్ధం రాయించలేదు. తనకి తెలిసిన నిజాన్నే తను రాసింది. రెడీమేడ్ మాట అందించింది నేను. ఆ మాట నాకు నోటికి అంత సులువుగా ఎలా వచ్చిందంటే, ఆ ఇరవై వాక్యాల లాగే అదీ ఎప్పుడో బట్టీ పట్టినదే. చావు కబురు చెప్పడానికి కూడా మన దగ్గర ఉపోద్ఘాతం, విషయ విస్తరణ, ముగింపు ఉన్నాయి.

ఇప్పుడు షీట్ మళ్ళీ తెరిచి చూస్తే, నాలుగు పద్ధతులూ వేరేగా కనిపించాయి. స్వేచ్ఛా రచన ఈ మాటని ఆపేదా? ఆపేది కాదు. పెన్ను ఆపకుండా రాస్తే ముందుగా వచ్చేది నోటికి అలవాటైన మాటే. విన్నది తిరిగి చెప్పే పద్ధతైతే, నేను చెప్పింది పొల్లుపోకుండా తిరిగి చెప్పేది. గ్రీకుల వరసలో మాత్రం ఖండన అనే అభ్యాసం ఉంది. చెప్పిన కథ స్పష్టంగా ఉందా, నమ్మేలా ఉందా, అసలు సాధ్యమేనా, ముందుకీ వెనక్కీ పొసుగుతోందా అని పరీక్షించాలి. అలా చూస్తే తను నన్ను ఎప్పుడో పట్టుకునేది. కానీ వాళ్ళు ఆ అభ్యాసం చేసేది పురాణ కథల మీద. పదిహేనేళ్ళ పిల్ల చేత సొంత తాతయ్య చావు మీద చేయించమని నేను ఎవరికైనా చెప్పగలనా?

అసలు ప్రశ్న ఇక్కడుందని నాకనిపిస్తోంది. పిల్లలకి రాయడం నేర్పుతున్నాం అంటే ఏదో ఒకరోజు ‘నీకెలా తెలుసు’ అని అడగడం నేర్పుతున్నట్టే. ఆ ప్రశ్న నేర్పి, మనం ఓదార్పుగా చెప్పిన మాటల జోలికి మాత్రం రావద్దనడం న్యాయమేనా? ఓదార్పు అబద్ధం తప్పని నేననను. ఆ తెల్లవారుజామున, పన్నెండు వేల కిలోమీటర్లకి పైగా దూరంలో రాలేక కూర్చున్న మనిషికి, కట్టిన చేతుల గురించి చెప్పి ఏం సాధించేవాణ్ణి? ఆ రోజుకి ఆ మాట సరైనదేనేమో. అయితే ఓదార్పుకి ఒక గడువుంటుంది. అది దాటాక కూడా అలాగే వదిలేస్తే చరిత్ర అయిపోతుంది. పిల్లలు దాన్ని పునాదిగా వేసుకుని వాక్యాలు కడతారు.

బెంజమిన్ ఫ్రాంక్లిన్ పదేళ్ళకే బడి మానేశాడు. అన్న ప్రెస్సులో పనికి కుదిరి, తన రాత తనే బాగుచేసుకున్న తీరు ఆత్మకథలో చెప్పాడు. ‘స్పెక్టేటర్’ పత్రికలో వ్యాసాలు చదివి, ఒక్కో వాక్యానికీ చిన్న గుర్తు రాసుకుని, కొన్నాళ్ళు పక్కన పెట్టి, చూడకుండా మళ్ళీ రాసి, అసలుతో పోల్చి తప్పులు దిద్దుకునేవాడు. ఇంటి చదువుల వాళ్ళు ఈ కథని చాలా ఇష్టంగా చెప్పుకుంటారు. దానికి ముందు జరిగింది అంతగా చెప్పుకోరు. ఆడవాళ్ళకి చదువు చెప్పించాలా అన్న విషయం మీద స్నేహితుడు కాలిన్స్‌తో ఉత్తరాల్లో వాదించాడు ఫ్రాంక్లిన్. ఆ ఉత్తరాలు వాళ్ళ నాన్న కంటపడ్డాయి. ఆయన వాదనలోకి వెళ్ళకుండా, స్పెల్లింగ్ బాగుంది, చెప్పే తీరే ఇంకా కుదరలేదని ఉదాహరణలతో చూపించాడు. అభ్యాసాలన్నీ ఆ తర్వాతివి. ముందు కావాల్సింది, ‘నువ్వు చెప్పేది నేనొప్పుకోను’ అని తిరిగి రాసే ఒక మనిషి.

మన తెలుగులో గొడవ వేరేలా నడిచింది. స్కూలు ఫైనల్ పిల్లలు వ్యాసం ఏ తెలుగులో రాయాలన్నది గిడుగు రామమూర్తి గారి పోరాటంలో ముఖ్యమైన ప్రశ్న. దాన్ని మనం భాషా సమస్యగానే చదువుకున్నాం. ఇప్పుడు చూస్తే నాకు అందులో ఇంకొకటి కనిపిస్తోంది. ఎరువు తెచ్చుకున్న మాటల్లో రాసే పిల్ల, తను రాసింది నిజమో కాదో సరిచూసుకోలేదు. వ్యావహికం గెలిచి ఇన్నేళ్ళయినా, ఎరువు మాటలు మాత్రం ఎక్కడికీ పోలేదు. ‘ప్రశాంతంగా’ అన్నది వాడుక మాటే కదా.

మేనకోడలికి వెంటనే జవాబివ్వలేదు. ఎందుకంటే అక్కకి కూడా తెలియదు. ముందు అక్కకి ఫోన్ చేసి, చేతుల సంగతీ, విప్పమని అడిగిన సంగతీ, నేను విప్పని సంగతీ చెప్పాను. అక్క చాలాసేపు మాట్లాడలేదు. “నాలుగేళ్ళు ఎలా దాచావురా?” అని పెట్టేసింది. రెండు రోజులు మెసేజ్ కూడా లేదు. మూడో రోజు, “దానికి నువ్వే చెప్పు. నేను పక్కన కూర్చుంటా” అంది.

చెప్పాను. చూసింది చూసినట్టు, చూడనిది చూడలేదని. వారం తర్వాత ఆ పేజీ మళ్ళీ వచ్చింది. చేతుల గురించి రాస్తుందేమోనని భయపడ్డాను. రాయలేదు. తాతయ్య పోయినప్పుడు తను అక్కడ లేదనీ, అక్కడున్నవాళ్ళు ఎవరూ తనకి తెలియదనీ రాసింది. ఉపమానం తీసేసింది. క్రియా విశేషణం గడి ఖాళీగా వదిలేసింది. ఏది రాయాలో ఏది వద్దో తనే తేల్చుకుంది. దాన్ని నేను దిద్దలేదు.

మంచిపని చేశానా అంటే, పూర్తిగా నమ్మకం లేదు. అక్క ఇప్పటికీ నాన్న మాట వస్తే ఫోన్‌లో ఒక క్షణం ఆగుతుంది. అంతకు ముందు ఆగేది కాదు. ఒక పిల్ల పేజీలో ఒక మాట సరిచెయ్యడానికి ఇంత ఖర్చు అవసరమా అని ఎవరైనా అడిగితే, నా దగ్గర గట్టి జవాబు లేదు.

షీట్‌లో నేను ఒక కాలమ్ చేర్చాను: ‘ఎవరు చదువుతారు?’ నాలుగింటికీ అది ఖాళీగానే ఉంది. అది డబ్బుపెట్టి కొనేది కాదు కాబట్టి, మిగతావాటిలో ఏది కొన్నా పెద్ద తేడా లేదని అక్కకి చెప్పాను. చిన్నవాడికి చెక్‌లిస్టు కొన్నది. వాడికి సైన్సు రిపోర్టులు రాయడానికి బాగా పనికొస్తోంది. మనుషుల గురించి రాసేటప్పుడు మాత్రం గళ్ళు వద్దనుకున్నాం. ఇద్దరికీ తలా ఒక నోట్‌బుక్ ఉంది. దాన్ని ఎవరూ తెరవకూడదు. చదివేవాణ్ణి మర్చిపోతేనే కొన్ని ఆలోచనలు బయటికొస్తాయని ఎల్బో అన్నది అబద్ధం కాదు. ఇక పదిహేను రోజులకోసారి, ఆదివారం మా పొద్దున, వాళ్ళ శనివారం రాత్రి, అందరం తలా ఒక పేజీ చదువుతాం. పెద్దవాళ్ళం కూడా రాయాల్సిందే. వినేవాళ్ళు ఎవరైనా, ఎవరినైనా, ‘నీకెలా తెలుసు’ అని అడగొచ్చు.

వచ్చే ఆదివారం నా వంతు. ఆ రోజు నేను కట్టు ఎందుకు విప్పలేదో రాద్దామని కూర్చున్నాను. ఇప్పటికి మూడు వాక్యాలయ్యాయి. రెండు కొట్టేశాను.