నోరులేని అమానతు

బ్రిటన్‌లోని మన కుటుంబాల్లో పిల్లలు గుర్రపుస్వారీ నేర్చుకుంటామంటే సంతోషించవలసిందే. అక్కడ 1927లో ఏడా కోల్ అనే మహిళ స్థాపించిన సంస్థ నేడు 'వరల్డ్ హార్స్ వెల్ఫేర్' పేరుతో నడుస్తోంది. నిరాదరణకు గురైన గుర్రాలను కాపాడి, కోలుకున్నాక స్వారీకి పనికొచ్చేవాటిని అర్హులకు అప్పగిస్తుంది. అయితే యాజమాన్యం మాత్రం ఇవ్వదు. తీసుకున్నవారు దాన్ని అమ్మరాదు, మరొకరికి ఇవ్వరాదు. సంస్థవారు వచ్చి చూసిపోతుంటారు.

"మనదై కూడా మనది కాదా?" అని కొందరు నొచ్చుకుంటారు. సోదరులారా! అమానతు అంటే ఇదే కదా!

దైవప్రవక్త (సఅసం) ఒక అన్సారీ తోటలోకి వెళ్ళినప్పుడు, ఆయన్ని చూసి ఒక ఒంటె కన్నీరు కార్చింది. ఆయన దాని తల నిమిరి, యజమానిని పిలిపించారు. ఆకలితో మాడుస్తున్నావని, అలసిపోయేలా పని చేయిస్తున్నావని ఇది మొరపెట్టుకుంటోంది, అల్లాహ్‌కు భయపడవా అని మందలించారు. అబూదావూద్‌లోని ఈ హదీసు మనం ఎన్నోసార్లు విన్నాం. విని, ఆ యజమాని మరెవరో అనుకున్నాం!

స్వారీ ఒక గంట. మేత, నీళ్ళు, లద్దె ఎత్తడం, గిట్టలు శుభ్రం చేయడం రోజూ ఉంటాయి. గుర్రం పాతికేళ్ళు దాటి కూడా బ్రతుకుతుంది. అబ్బాయి చదువుకని వెళ్ళిపోయాక, జనవరి చలిలో ఫజ్ర్ నమాజు తర్వాత మేత వేసేదెవరు? ఇంటిల్లిపాదీ కూర్చుని ఆ పేరు ముందే తేల్చుకుందాం. తేలేదాకా దరఖాస్తు పంపవద్దు.